కొండవీడు కింద 28 మేకలు, ఎకరంన్నర డి-పట్టా: 100+5 యూనిట్‌కి పోవచ్చా?

విభాగం: గొర్రెలు, మేకలు, పెరటి కోళ్లు

కొండకింద_కుర్రాడు | 09-04-2025, రాత్రి 9:12

అందరికీ నమస్కారం. రెండేళ్లుగా ఇక్కడ చదవడమే తప్ప రాయడం ఇదే మొదటిసారి. నేనుండేది గుంటూరులో, చిన్న ఉద్యోగం. అమ్మా నాన్నా ఊళ్లోనే, కొండవీడు కొండ వాలు మొదలయ్యే చోట. నాన్న పేరు మీద తాతకిచ్చిన డి-పట్టా (ప్రభుత్వం పేదలకిచ్చే అసైన్డ్ భూమి) ఎకరంన్నర ఉంది. బోరు లేదు. 28 జీవాలున్నాయి. ఆడమేకలు 19, పోతు ఒకటి, మిగతావి పిల్లలు.

జాతీయ పశుధన మిషన్‌లో 100 మేకలు, 5 పోతుల యూనిట్ పెడితే సగం సబ్సిడీ, 10 లక్షల దాకా వస్తుందని చదివా. పక్క పొలం రెండెకరాలు (అదీ డి-పట్టానే) కౌలుకిస్తామంటున్నారు. ఉద్యోగం మానేసి పూర్తిగా దిగిపోదామని ఉంది. నాన్న ఒక్క మాటే అంటున్నాడు, "ఉన్నవాటికే ఎండాకాలం మేత లేదు, నూరు తెచ్చి ఏం పెడతావురా" అని. మీరేమంటారు?

బెజవాడ_బాబాయ్ | 09-04-2025, రాత్రి 9:40

రెడ్డిరాజులు కోట కట్టుకున్న కొండ అది. నువ్వు షెడ్డు కట్టుకోలేవా? దిగిపో!

(సరదాకి అన్నా. నేను 2022లో దిగి 2023లో ఎక్కేసినవాణ్ణి. పెద్దోళ్లు వచ్చి చెబుతారు, ఉండు.)

బ్యాంకు_మాజీ | 10-04-2025, ఉదయం 6:25

తమ్ముడూ, ముప్పై ఏళ్లు బ్యాంకులో చేసి రిటైరయ్యాను. చివరి పదేళ్లూ వ్యవసాయ అప్పులే చూశాను. నువ్వు చదివింది నిజమే, కానీ సగమే చదివావు.

100+5కి సబ్సిడీ గరిష్ఠంగా 10 లక్షలు. 200+10కి 20, అలా 500+25కి 50 దాకా పోతుంది. దరఖాస్తు ఉద్యమి మిత్ర పోర్టల్‌లో. రాష్ట్రంలో పరిశీలన, తర్వాత బ్యాంకు మంజూరు, ఆ తర్వాత ఢిల్లీ ఆమోదం. డబ్బు సిడ్బీ (చిన్న పరిశ్రమల బ్యాంకు) ద్వారా రెండు సమాన వాయిదాల్లో వస్తుంది. మొదటి సగం పని మొదలై బ్యాంకు డబ్బు విడుదలయ్యాక, రెండో సగం యూనిట్ పూర్తయిందని అధికారులు చూసి రాశాక. అంటే షెడ్డు నువ్వు ముందు కట్టాలి, మేకలు ముందు కొనాలి. పొలం కొనడానికి, కౌలుకు, సొంత బండికి ఇందులో పైసా రాదు.

లెక్క చూడు. 20 లక్షల ప్రాజెక్టు, నీ వాటా 2 లక్షలు, అప్పు 18 లక్షలు. వడ్డీ 11 శాతం అనుకుందాం. సబ్సిడీ పడేదాకా నెలకు 16,500 వడ్డీకే. కొన్న మేక కట్టి ఈనడానికి 5 నెలలు, పిల్ల అమ్మకానికి రావడానికి ఇంకో 7, 8 నెలలు. ఏడాది పాటు పైసా రాబడి లేకుండా ఆ 16,500 ఎక్కణ్ణుంచి తెస్తావు? జీతం నుంచి. మరి ఉద్యోగం మానేస్తానంటున్నావు.

కొండకింద_కుర్రాడు | 10-04-2025, ఉదయం 8:05

సార్, ఈ లెక్క ఎవరూ చెప్పలేదు. యూట్యూబులో అందరూ సబ్సిడీ దగ్గరే ఆపేస్తున్నారు. కౌలు పత్రం సంగతి చెప్పండి. సొంతం లేకపోయినా కౌలు పొలం చాలని ఉంది కదా?

బ్యాంకు_మాజీ | 10-04-2025, ఉదయం 8:50

పట్టా పొలమైతే చాలు. నీ పక్కాయనది డి-పట్టా అన్నావు. 1977 నాటి అసైన్డ్ భూముల చట్టంలో బదిలీ అంటే అమ్మకం ఒక్కటే కాదు, కౌలు కూడా అందులోకే వస్తుంది. నువ్వు స్టాంపు కాగితం మీద రాయించుకున్నా బ్యాంకు లాయరు మొదటి రోజే పక్కన పెడతాడు. పైగా ఇచ్చిన ఆయనకు తహసీల్దారు దగ్గర్నుంచి నోటీసు రావచ్చు. పాపం, ఆయన్ని ఇరికించకు.

మీ నాన్న డి-పట్టా వేరే సంగతి. వారసత్వంగా వచ్చింది, సాగులో ఉన్నారు. బ్యాంకుకు తాకట్టు పెట్టుకోవడానికి ఆ చట్టంలోనే మినహాయింపు ఉంది. అయినా 22ఏ జాబితాలో (రిజిస్ట్రేషన్ నిషేధం ఉన్న భూములవి) కనిపించగానే చాలా బ్రాంచీల్లో ఫైలు ముందుకు కదలదు. 20 ఏళ్లు దాటిన అసైన్డ్ భూములకు ఫ్రీహోల్డ్ (అమ్ముకునే పూర్తి హక్కు) అని 2023లో చట్టం మార్చారు, ప్రభుత్వం మారాక 2024లో ఆ రిజిస్ట్రేషన్లు ఆపారు. ఆ ఆశ మీద ప్లాను వేయొద్దు.

మంద_కాపరి_కొడుకు | 10-04-2025, రాత్రి 8:30

మా నాయన చెబుతుంటే నేను టైపు చేస్తున్నా. ఆయన 45 ఏళ్లుగా మంద కాస్తున్నాడు. మాది మాచర్ల వైపు.

నాయన అడుగుతున్నాడు: "నూరు మేకలు ఒకేసారి ఎక్కడ కొంటావు?" సంతలో ఒకేసారి నూరు కావాలంటే దళారి తెస్తాడు. స్కీము మేకలని తెలిస్తే ఏవి తెస్తాడో నాయనకు తెలుసు. కింద పెదవి లాగి చూడు అంటున్నాడు. ముందు వరసలో పాలపళ్లే ఉంటే ఏడాది లోపు పిల్ల. మధ్యలో రెండు పెద్ద పళ్లు లేస్తే ఏడాది దాటింది, కొనడానికి అదే వయసు. నాలుగు పళ్లూ మంచిదే. ఎనిమిదీ వచ్చి నోరు నిండిందంటే ఇంకో రెండు మూడు ఈతలు. పళ్ల మధ్య సందులు పడి, అరిగి, ఒకటి ఊడి ఉంటే అది కసాయికి పోవాల్సిన జీవం. దానికే నూనె రాసి, రంగు తాడు కట్టి, కడుపు నిండా నీళ్లు తాగించి తూకానికి నిలబెడతారు.

మా ఊళ్లో ఒకాయనకు వచ్చిన 15 జీవాల్లో ఆరు నోరు అరిగినవే. ఎవరిచ్చారో రాయను. రెండో ఏడాదికి వాటిలో ఒక్కటీ మిగల్లేదు. అప్పు కంతులు మాత్రం మిగిలాయి.

గన్నవరం_పశువైద్యం | 10-04-2025, రాత్రి 10:15

కాపరి అన్నగారికి దండం. కాలేజీలో మాకు పళ్ల పాఠం రెండు రోజులు చెప్పారు, ఆయన ఒక్క పేరాలో చెప్పేశారు.

వేరే ఊళ్ల నుంచి తెచ్చిన జీవాలను మీ మందలో వెంటనే కలపొద్దు. మూడు వారాలు విడిగా కట్టండి. పారుడు వ్యాధి (పీపీఆర్ అంటాం) అలాగే ఊళ్లోకి వస్తుంది. ముక్కు కారడం, కళ్లలో పుసులు, నోట్లో పుండ్లు, పారుడు. దీనికి టీకా ఉచితమే, ఒకసారి వేస్తే మూడేళ్లు కాస్తుంది. ఇప్పుడు ఏప్రిల్. తొలకరికి ముందే చిటుకు రోగం టీకా వేయించుకోండి. మీది కొండ వాలు కాబట్టి ఇది మరీ ముఖ్యం. ఎందుకో కావాలంటే చెబుతాను.

పల్నాటి_అక్క | 11-04-2025, ఉదయం 5:50

నేను చెబుతాను డాక్టరు గారూ, నాకు జరిగింది.

డ్వాక్రా అప్పుతో గొర్రెలు పెట్టిన మొదటి ఏడాది. జూన్‌లో రెండు వానలు పడి వాలంతా లేత పచ్చిక లేచింది. నాలుగు నెలలు ఎండుకంప నమిలిన జీవాలు వాటి మీద పడి మేశాయి. నాకెంత ఆనందమో, ఫోటోలు కూడా తీసుకున్నా. మర్నాడు పొద్దున దొడ్డి తలుపు తీస్తే మూడు పిల్లలు కాళ్లు చాచి పడి ఉన్నాయి. బక్కవి కాదు, మందలో అన్నిటికంటే బలిసినవి! నాలుగోది నా కళ్ల ముందే చిటుక్కున ఎగిరి పడింది, మెడ వెనక్కి విరుచుకుంది, అంతే. ఆ రోగానికి ఆ పేరెందుకొచ్చిందో అప్పుడు తెలిసింది. ఇన్సూరెన్సు లేదు. టీకా వేయడానికి వారం ముందు వస్తే నేనే "మళ్లీ చూద్దాం" అని పంపేశాను. తప్పు నాదే.

తమ్ముడూ, నూరు తెచ్చుకుంటే ఇలాంటి పొద్దున నీకు మూడు కాదు, పదిహేను.

కొండకింద_కుర్రాడు | 11-04-2025, మధ్యాహ్నం 1:20

అక్కా, మీరు రాసింది అమ్మకు చదివి వినిపించా. "ఆ అమ్మాయి ఎవరో గాని నిజం చెప్పింది" అంది.

సరే, 100+5 పక్కన పెడదాం. మరి 28 జీవాలవాడికి ప్రభుత్వం నుంచి ఏం లేదా? పెద్దోళ్లకేనా అన్నీ?

సబ్సిడీ_సాయం | 11-04-2025, మధ్యాహ్నం 2:02

[ఈ పోస్టు తొలగించబడింది]

అడ్మిన్ | 11-04-2025, మధ్యాహ్నం 2:30

పై సభ్యుడు 15 వేలిస్తే ప్రాజెక్టు రిపోర్టు, సబ్సిడీ గ్యారంటీ అంటూ ఫోన్ నంబరు పెట్టారు. తీసేశాను. సబ్సిడీకి గ్యారంటీ ఎవరూ ఇవ్వలేరు. ఇలాంటి మెసేజులు ఇన్‌బాక్సులో వస్తే నాకు చెప్పండి. చర్చ కొనసాగించండి.

బ్యాంకు_మాజీ | 11-04-2025, సాయంత్రం 6:45

చిన్నవాళ్లకు ఉన్నాయి నాయనా, కానీ అన్నీ ఒక చోట ఉండవు. పెద్ద స్కీముకు పేపర్లో ప్రకటన వస్తుంది, వీటికి రాదు.

మొదటిది షెడ్డు. ఉపాధి హామీ కింద మేకల షెడ్డు వస్తుంది. మన రాష్ట్రంలో మినీ గోకులం అంటున్నారు కదా, ఆవులు గేదెలకైతే 90 శాతం, గొర్రెలు మేకలు కోళ్లకైతే 70 శాతం ప్రభుత్వం పెట్టుకుంటుంది. జాబ్ కార్డు ఉండాలి. చిన్న, సన్నకారు రైతు అయితే అర్హత ఉంటుంది. మీ నాన్నకు ఎకరంన్నరే కాబట్టి ఇబ్బంది లేదు. జాబ్ కార్డు ఉందా?

రెండోది కిసాన్ క్రెడిట్ కార్డు. పంటలకే అనుకుంటారు. 2018-19 బడ్జెట్‌లోనే పశుపోషణకూ చేపలకూ పెంచారు. 2025 జనవరి 1 నుంచి 2 లక్షల దాకా తాకట్టు లేకుండా ఇవ్వాలి, అంతకుముందు అది లక్షా 60 వేలు. తాకట్టు లేదు కాబట్టి డి-పట్టా గొడవే రాదు. 7 శాతం వడ్డీ, గడువులో కడితే 3 శాతం తగ్గి 4కి దిగుతుంది. 18 లక్షలకు 11 శాతం ఎక్కడ, ఇది ఎక్కడ! అయితే ఒకటి, ఇది మేతకు, దాణాకు, మందులకు, కూలికి. మేకలు కొనడానికి కాదు. కార్డు డబ్బుతో పెళ్లి చేసి నా ముందు కూర్చుని ఏడ్చినవాళ్లను చూశాను.

బెజవాడ_బాబాయ్ | 11-04-2025, రాత్రి 7:10

కిసాన్ కార్డుకు వెళితే బ్రాంచిలో "పశువులకు మేం ఇవ్వం" అన్నారు నాకు. ఏ బ్యాంకో చెప్పను. మూడుసార్లు తిరిగా. నాలుగోసారి మా మండల పశువైద్యాధికారి సంతకంతో, ఎన్ని జీవాలున్నాయో రాయించిన కాగితం పట్టుకెళ్లి, "కాదంటే కాదని రాసివ్వండి" అన్నా. అప్పుడు కుర్చీ వేశారు. 2023లో నేను ఎక్కేసింది కూడా దీనివల్లే. కార్డు వచ్చేసరికి మేకలు అమ్మేశా.

గన్నవరం_పశువైద్యం | 11-04-2025, రాత్రి 9:30

బాబాయ్ కథ నవ్వొచ్చేలా ఉన్నా నిజం. రైతు సేవా కేంద్రంలో పశుసంవర్ధక సహాయకుడితో ముందు పరిచయం చేసుకోండి. జీవాల లెక్క, ట్యాగు, టీకా, ఇన్సూరెన్సు, కార్డుకు కాగితం, అన్నిటికీ మొదటి మెట్టు అక్కడే.

ఇన్సూరెన్సులో ఇప్పుడు రైతు వాటా ప్రీమియంలో 15 శాతమే, మిగతాది కేంద్రం, రాష్ట్రం 60:40గా కడతాయి. 2024 ఫిబ్రవరిలో మార్చారు. ఇంటికి 10 పశువుల యూనిట్ల దాకా చేయొచ్చు. ఒక యూనిట్ అంటే 10 గొర్రెలు లేదా మేకలు, కాబట్టి మీ 28 హాయిగా ఇమిడిపోతాయి. చెవికి 12 అంకెల ట్యాగు వేస్తారు. జీవం చనిపోతే ట్యాగుతో సహా ఫోటో, శవపరీక్ష రిపోర్టు కావాలి. ట్యాగు లేకపోతే క్లెయిము లేదు.

మంద_కాపరి_కొడుకు | 12-04-2025, ఉదయం 7:00

నాయన: "ఇవన్నీ సరే, మేతేదీ?"

కొండకింద_కుర్రాడు | 12-04-2025, ఉదయం 7:35

మా నాన్న మీ నాయనా కలిస్తే నా పని అయిపోతుంది అన్నా 😀

ఇప్పటిదాకా కొండ మీదికే తోలుతున్నారు. పైన రిజర్వు అడవి. ఫారెస్టు వాళ్లు గొర్రెలను చూసీ చూడనట్టు వదిలినా మేకలు కనిపిస్తే ఊరుకోరు.

గన్నవరం_పశువైద్యం | 12-04-2025, ఉదయం 9:20

మేక కొమ్మ మీద కాళ్లు వేసి చిగురు తినేస్తుంది, మొక్క మళ్లీ లేవదు. వాళ్ల కోపానికి కారణం అదే. అడవిని నమ్ముకుని లెక్క వేయకండి.

ఒక పెద్ద మేకకు రోజుకు నాలుగు కిలోల పచ్చిమేత వేసుకోండి. 105 జీవాలకు 420 కిలోలు. బోరు లేని ఎకరంన్నరలో అది జరిగే పని కాదు, మీ నాన్నగారు సరిగ్గానే అన్నారు. ఇరవై ముప్పై వాటికైతే జరుగుతుంది. గట్ల చుట్టూ సుబాబుల్, అవిశ పెట్టండి. మన వైపు కాగితం మిల్లులకు సుబాబుల్ వేసినవాళ్లు చాలామంది, కొమ్మలు కొట్టే రోజు వెళితే ఆకు ఉత్తినే ఇస్తారు. మేతలో మూడో వంతు దాటనీయకండి, దాటితే బొచ్చు రాలుతుంది. ఆకు కోసి ఒక పూట వాడనిచ్చి వేయండి. చలికాలం చివర మినుము పొట్టు, కంది పొట్టు బస్తాలకెత్తి అటక మీద పెట్టుకోండి. ఏప్రిల్, మేల్లో అదే బంగారం. వానలకు వాలు మీద దశరథ గడ్డి, స్టైలో చల్లుకోవచ్చు. లాం ఫారం (పశు పరిశోధన స్థానం) మీకు దగ్గరే, గుంటూరు నుంచి అరగంట. ఒంగోలు గిత్తలు చూసి వచ్చేయకుండా మేత మొక్కల సంగతి కూడా అడిగి రండి.

పాడేరు_మిత్రుడు | 12-04-2025, రాత్రి 8:10

మాది అసలైన కొండ. మా మేకలకు, నాటుకోళ్లకు కూడా ఇదే తంతు. మా దగ్గర చాలామందికి ఆర్‌ఓఎఫ్‌ఆర్ (అటవీ హక్కుల) పట్టా. అమ్మడానికి లేదు, బ్యాంకు తాకట్టుకు తీసుకోదు. ఐటీడీఏ (గిరిజనాభివృద్ధి సంస్థ) ద్వారా వచ్చినవే మాకు దిక్కు. 2006 అటవీ హక్కుల చట్టంలో మేపుకునే హక్కు కూడా ఉంది, కానీ గిరిజనేతరులైతే మూడు తరాలు, అంటే 75 ఏళ్లు ఆ అడవి మీద బతికినట్టు చూపాలి. కొండవీడు తమ్ముడికి అది కుదరకపోవచ్చు.

పల్నాటి_అక్క | 13-04-2025, ఉదయం 6:15

తమ్ముడూ, షెడ్డు వస్తే వాలు మీద కట్టేటప్పుడు మట్టి కోసి చదును చేయకు. పల్లం వైపు స్తంభాలు ఎత్తుగా లేపి పైన పలకల నేల వేయించు, పలక పలకకీ వేలు దూరేంత సందు. పెంటికలు కింద పడతాయి, గిట్టలు పొడిగా ఉంటాయి. ఒక్కో మేకకు పది చదరపు అడుగులు. పొడవు తూర్పు పడమరలకు పెట్టు. మా షెడ్డు ఉత్తరం దక్షిణం కట్టి మే నెలంతా ఏడ్చాం.

ఇంకోటి. మీ ఊరు 2022 ఏప్రిల్ నుంచి పల్నాడు జిల్లాలో ఉంది కదా. గుంటూరు ఆఫీసుల చుట్టూ తిరగకు, నీ ఫైలు నరసరావుపేటలో.

కొండకింద_కుర్రాడు | 13-04-2025, ఉదయం 10:40

అక్కా! నేను మొన్ననే గుంటూరు కలెక్టరేట్‌లో రెండు గంటలు లైనులో నిల్చుని వచ్చా. ముందే చెప్పొచ్చుగా 🙏

కొండకింద_కుర్రాడు | 21-06-2025, రాత్రి 9:55

రెండు నెలలైంది, ఇక్కడ అడిగి వదిలేసినట్టు ఉండకూడదని రాస్తున్నా.

ఉద్యోగం మానలేదు. శనాదివారాలు ఊళ్లో. అమ్మ పేరు మీద జాబ్ కార్డు ఉందని అప్పుడే తెలిసింది, ఎనిమిదేళ్లుగా బియ్యం డబ్బాలో ఉంది. షెడ్డుకు దరఖాస్తు ఇచ్చాం. ఎస్టిమేటు వేసి వెళ్లారు, ఇంకా మంజూరు కాలేదు. కిసాన్ కార్డు మంజూరైంది. జీవాల లెక్క కాగితం తీసుకెళ్లా, బాబాయ్‌లాగా నాలుగుసార్లు తిరగాల్సిన పని పడలేదు, రెండుసార్లే. పక్కాయనకు కౌలు వద్దని చెప్పేశా. మూడు ముసలి మేకలు (పెదవి లాగి చూశా, నాలుగు పళ్లే మిగిలాయి) అమ్మేసి రెండు పళ్లవి రెండు తెచ్చా. మూడు వారాలు పశువుల కొట్టంలో విడిగా కట్టాం, నాన్న నవ్వాడు గానీ ఊరుకున్నాడు. చిటుకు టీకా మే చివర్లో వేయించాం. వానలు పడ్డాయి, వాలంతా పచ్చగా ఉంది. పొద్దున తలుపు తీసేటప్పుడు అమ్మ ముందు లెక్కపెట్టి తర్వాత నాకు ఫోన్ చేస్తోంది.

ఇప్పుడొక చిక్కొచ్చింది. ట్యాగులు వేసి, ఇన్సూరెన్సు చేయించాం. మొన్న ఒక మేక చెవి చీలి వచ్చింది, ట్యాగు లేదు. రేగు కంపల్లో ఎక్కడో పోయింది. ఇప్పుడేం చేయాలి?

గన్నవరం_పశువైద్యం | 21-06-2025, రాత్రి 10:30

చెవికి ముందు వేపనూనె, పసుపు రాయండి, ఈగ వాలి పురుగు పడుతుంది. రేపే సహాయకుడికి చెప్పి రెండో చెవికి కొత్త ట్యాగు వేయించండి. కొత్త నంబరు ఇన్సూరెన్సు కంపెనీకి రాతపూర్వకంగా ఇచ్చి పాలసీలో మార్పించుకోండి. ఆ కాగితం చేతికి వచ్చేదాకా దాన్ని కొండ ఎక్కనీయొద్దు.

మంద_కాపరి_కొడుకు | 22-06-2025, ఉదయం 6:40

నాయన అడుగుతున్నాడు, చెవి చీలింది ఏ మేకది అని. దూకుడు మేకైతే పెరట్లోనే కట్టేయమంటున్నాడు, అది మిగతావాటికి కంప దూరడం నేర్పుతుందట.

కొండకింద_కుర్రాడు | 22-06-2025, ఉదయం 11:15

అదే అన్నా, మందకు ముందు నడిచేది. కట్టేశాం. పొద్దుట్నుంచి అరుస్తూనే ఉంది. పాత ట్యాగు నాన్నకు దొరికింది, వాగు గట్టున కంపకు వేలాడుతూ. డాక్టరు గారూ, దాన్నే మళ్లీ వేయొచ్చా?

గన్నవరం_పశువైద్యం | 22-06-2025, మధ్యాహ్నం 12:05

వేయకూడదు. కొత్తదే వేయించండి. పాతది పారేయకండి, కంపెనీకి ఇచ్చే కాగితానికి జతచేయండి.